మేము కత్తిరించిన మూడవ తీగ



ఈ నెల ఈ పేజీలో బ్రెడ్డు కాల్చే టోస్టరును గురించి వ్రాస్తున్నాము. "అయ్యగారికి వేరే అంశమే దొరకలేదా, బ్రెడ్డు కాల్చుకోవడానికి పెనము చాలదా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, కాని చివరివరకు చదవండి. ఈ చిన్న పెట్టె వలన మా సంఘములో ఒక పెద్దావిడ ప్రాణము మీదికి వచ్చింది. అందులో మా చేయి కూడ ఉన్నది గనుక వ్రాయక తప్పడము లేదు.

మా కోనసీమ పల్లెల నుండి కువైటు వెళ్లి వంటిండ్లలో పనిచేసే స్త్రీలు ఎందరో ఉన్నారు. మా సంఘములోని ఒక సహోదరి అట్లే ఆరేండ్లు అక్కడ పనిచేసి ఇంటికి తిరిగివచ్చింది. దుప్పట్లు, పాలపొడి, అత్తరు సీసాలతోపాటు ఒక టోస్టరు కూడ తెచ్చుకున్నది. "ఆరేండ్లు వాళ్ల పిల్లలకు కాల్చిపెట్టానండి అయ్యగారూ, ఇక నా పిల్లలకు కాల్చిపెట్టుకుంటాను" అన్నది. ఆ మాట విన్న తరువాత అది వద్దనుటకు ఎవరికి నోరు వస్తుంది?

అయితే దాని ప్లగ్గుకు పలకలాంటి మూడు పిన్నులున్నాయి. మన గోడ సాకెట్టులో అవి పట్టవు. మందిరములో మైకు సెట్టు బాగుచేసేది మేమే గనుక ఆమె టోస్టరును మా ఇంటికి తెచ్చింది. మేము ప్లగ్గును కోసివేశాము. లోపల మూడు తీగలున్నాయి: గోధుమ రంగుది, నీలిది, ఆకుపచ్చ పసుపు చారలది. మా సొరుగులో పాత టేబుల్ ఫ్యానుది రెండు పిన్నుల ప్లగ్గు ఒకటి ఉంటే, మొదటి రెండు తీగలు దానికి బిగించి, మూడవదానిని కత్తిరించి నల్ల టేపు చుట్టాము. పెట్టి చూస్తే చక్కగా ఎర్రబడింది. టీ త్రాగి, ప్రార్థన చేసి పంపించాము. మంచి పని చేశామనే అనుకున్నాము.

మూడు వారములు గడిచాయి. ఒక ఉదయము ఆ సహోదరి అత్తగారు మనుమలకు బ్రెడ్డు కాలుస్తున్నారు. మీట పైకి లేచింది గాని, ముక్క చిన్నది కావడము వలన లోపలే వాలిపోయింది. లోపల తీగలు నల్లబడ్డాయి. ఆరిపోయింది కదా అని మామ్మగారు స్టీలు అట్లకాడ తీసుకొని ఆ ముక్కను పైకి ఎగదోయబోయారు. గచ్చు అప్పుడే కడిగి ఉన్నది, కాళ్లకు చెప్పులు లేవు. ఒక్క కేక వేసి వెనక్కు పడ్డారు. చేయి తీగకు అంటుకుపోక విడివడినందుకు దేవునికి స్తోత్రము. ఆటోలో ఆసుపత్రికి తీసుకొని వెళ్లారు. గుండె పరీక్ష చేసి, సాయంత్రము వరకు ఉంచుకొని పంపించారు. చాలా రోజులు ఆ చేయి తిమ్మిరి పోలేదు. "ఎర్రగా లేదు కదా అయ్యగారూ, ఆరిందనుకున్నాను" అని ఆమె పదే పదే అంటుంటే మేము మంచము ప్రక్కన కూర్చొని తల వంచుకున్నాము.

మరుసటి రోజు ప్రక్క ఊరి ఎలక్ట్రీషియను కుర్రవాడిని పిలిపించాము. అతడు మీట పైకి ఉండగానే, అంటే టోస్టరు ఆగిపోయి ఉండగానే, లోపలి తీగకు టెస్టరు ఆనించాడు. టెస్టరులో దీపము వెలిగింది! ప్లగ్గు ఊడదీసి, తిరగేసి మరల పెట్టాడు. ఈసారి దీపము వెలగలేదు.

"ఈ ప్లగ్గు ఎవరు వేశారండీ?" అని అడిగాడు.

"మేమే" అన్నాము.

అతడు కొంచెముసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా వివరించాడు. కరెంటు ఒక తీగలో వచ్చి మరొక తీగలో తిరిగిపోతుంది. వచ్చే తీగ ఫేజు, పోయే తీగ న్యూట్రలు. చాలా టోస్టర్లలో లోపలి స్విచ్చు ఈ రెంటిలో ఒక్కదానినే తెంచుతుంది. ఫేజును తెంచితే లోపల అంతా చచ్చినట్టే. న్యూట్రలును తెంచితే దారి తెగినందున తీగ చల్లబడుతుంది, ఎరుపు పోతుంది, కాని ఆ తీగ మొత్తములో 230 వోల్టులు కాచుకొని ఉంటాయి. మూడు పిన్నుల ప్లగ్గు ఒకే వైపుగా దూరుతుంది గనుక సాకెట్టు సరిగా కలిపి ఉంటే ఫేజు ఎప్పుడూ స్విచ్చు వైపే వస్తుంది. మేము వేసిన రెండు పిన్నులది ఎటు పెట్టినా దూరుతుంది. ఆ ఉదయము అది తిరగబడి దూరింది. ఇంతకూ గోడ మీద స్విచ్చు కూడ ఆపి ఉంటే ఈ ప్రమాదము జరిగేది కాదు. కాని అది చెప్పవలసినవారు, చెప్పనివారు కూడ మేమే.

అప్పటినుండి ఈ వస్తువును గురించి దొరికినంత చదివాము, తెలిసినవారిని అడిగాము. తెలుసుకొన్నకొద్దీ ఆశ్చర్యము కలిగింది. మన వంటింటి కరెంటు సామానులలో ఇంచుమించు అన్నింటిలోను వేడెక్కే తీగను మట్టిలోనో, లోహపు గొట్టములోనో దాచిపెడతారు. టోస్టరులో మాత్రము అది బట్టబయలుగా ఉంటుంది. చేయి పట్టేంత సందులో, కరెంటు పారే తీగ, ప్రక్కనే తినే పదార్థము. ఇట్టి వస్తువు ఇన్ని ఇండ్లలో ఉన్నదంటే దానిని తయారుచేసినవారు ఎంత జాగ్రత్త పడి ఉండాలి!

ఆ తీగ పేరు నైక్రోమ్. నికెలు సుమారు 80 పాళ్లు, క్రోమియము 20 పాళ్లు కలిపిన లోహము. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయనకు 1906లో దీనిమీద పేటెంటు వచ్చింది. అంతకు ముందు ఇనుప తీగలు ఎర్రబడగానే గాలి తగిలి కాలిపోయి తెగిపోయేవి. ఈ లోహము మీద ఒక సన్నని పొర ఏర్పడి లోపలి తీగను కాపాడుతుంది. ఇది కరగాలంటే దాదాపు 1400 డిగ్రీలు కావాలి. ఏ తీగ అయినా ఎర్రగా కంటికి కనబడాలంటే 500 డిగ్రీలు దాటాలి. అంతకు దిగువన నల్లగా ఉన్నా చేయి కాలుతుంది. కరెంటు సంగతి సరేసరి, దానికి రంగే లేదు. నైక్రోమ్ తీగను అభ్రకపు రేకు మీద చుడతారు. అభ్రకము వేడికి కాలదు, కరెంటును పోనివ్వదు. నెల్లూరు ప్రాంతములో గూడూరు, సైదాపురము వైపు చదువరులకు అభ్రకపు గనుల సంగతి మేము చెప్పనక్కరలేదు. అక్కడ పొరలు పొరలుగా చీల్చే ఆ రాయియే ఇక్కడ పనికి వస్తుంది.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు 1909లో అమ్మకమునకు పెట్టిన టోస్టరుకు మూత లేదు, గోడలు లేవు. తీగలు బయటకు కనిపిస్తూ ఉండేవి. ఒక వైపు కాలిన తరువాత చేతితో తిప్పి రెండవ వైపు కాల్చాలి. కనిపెట్టుకొని ఉండకపోతే మాడిపోవలసిందే. మిన్నెసోటా రాష్ట్రములో చార్లెస్ స్ట్రైట్ అనే ఫ్యాక్టరీ పనివాడు తమ క్యాంటీనులో రోజూ మాడిన బ్రెడ్డు తినలేక విసిగిపోయి, సమయము కాగానే తనంతట తాను ఆగి ముక్కను పైకి ఎగరవేసే యంత్రమును తయారుచేశాడు. 1921లో ఆయనకు పేటెంటు వచ్చింది. ఇండ్లలో వాడుకొనే రకము 1926లో బజారులోకి వచ్చింది. విసుగు నుండి కూడ మేలు పుడుతుందన్నమాట!

1928లో అదే దేశములో మిస్సోరి రాష్ట్రమందలి చిల్లికోతి ఊరిలో బ్రెడ్డును యంత్రముతో ముక్కలు కోసి అమ్మడము మొదలైంది. ముక్కలన్నీ ఒకే మందముగా ఉండడము వలన టోస్టరు వాడకము బాగా పెరిగింది. ఇది చిన్న సంగతి అనుకోకండి. ముక్క మందముగా ఉంటే సందులో ఇరుక్కుంటుంది. మరీ చిన్నదైతే లోపలే వాలిపోతుంది. మామ్మగారికి జరిగింది అదే. మన టౌను బేకరీలలో కత్తితో కోసి ఇచ్చే బ్రెడ్డు ఒక ముక్క అట్టలా, ఒక ముక్క ఇటుకలా ఉంటుంది గదా. టోస్టరు ప్రమాదములలో సగము ఇరుక్కున్న ముక్క దగ్గరే పుడతాయని మా నమ్మకము. ఇరుక్కుంటే మనిషి అట్లకాడ తీస్తాడు. తీయకపోతే మరొక ప్రమాదము. కొన్నింటిలో మీట పైకి లేస్తేనే కరెంటు తెగుతుంది. ముక్క అడ్డుపడి మీట లేవకపోతే తీగలు అట్లే మండుతూ ఉంటాయి, బ్రెడ్డు మాడి అంటుకుంటుంది. పైన కర్టెను ఉంటే ఇక చెప్పేదేమున్నది?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో క్రొత్త ఇల్లు కట్టువాడు డాబాకు పిట్టగోడ కట్టవలెనని ఒక ఆజ్ఞ ఉన్నది. లేనియెడల పడినవాని ప్రాణము విషయమై ఆ ఇంటిమీద దోషము వస్తుంది. గృహప్రతిష్ఠలలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. పడినవాడు చూచుకొని నడవలేదని ఆ ఆజ్ఞలో ఎక్కడా నెపము లేదు. కట్టినవానినే అడుగుతుంది. ప్లగ్గు బిగించువాడు కూడ కట్టువాడేనని ఆ రోజు వరకు మాకు తట్టలేదు.

టోస్టరుకు పిట్టగోడ ఎట్లుండాలి? మొదటిది, మీట లేచినప్పుడు ఫేజు, న్యూట్రలు రెండూ తెగాలి. అప్పుడు ప్లగ్గు ఎటు పెట్టినా లోపల ప్రాణము ఉండదు. రెండవది, మీటను మామూలుకంటె ఇంకొంత పైకి ఎత్తగలిగే వీలు ఉండాలి. చిన్న ముక్క అంచు చేతికి అందితే అట్లకాడ జోలికి ఎవరూ పోరు. ఇది చాలా చిన్న మార్పు, అయినా కొనేటప్పుడు మేము మొట్టమొదట చూడమనేది దీనినే. ముక్క ఇరుక్కున్నా నియమిత సమయము కాగానే కరెంటు దానంతట అదే తెగిపోవాలి. మీటతో దానికి పని ఉండకూడదు. క్రింద పొట్టు రాలే పళ్లెము బయటకు లాగడానికి రావాలి. పొట్టు పేరుకొని ఎండితే అది చితుకులతో సమానము. పైడొక్కు పిల్లలు ముట్టుకున్నా కాలనంత చల్లగా ఉండాలి. అందుకే లోపలి పెట్టెకు, పై డొక్కుకు మధ్య గాలి సందు వదలుతారు.

మంచి మార్పు ఒకటి ఇప్పటికే వచ్చింది. ఈ కాలపు టోస్టర్లలో మీటను క్రింద పట్టి ఉంచేది విద్యుదయస్కాంతము. కరెంటు పోగానే పట్టు వదలి ముక్క పైకి వస్తుంది. కరెంటు మరల వచ్చినా ఎవరైనా మీట నొక్కితేనే అది వెలుగుతుంది. కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తుందో తెలియని మన పల్లెలకు ఇది ఎంత మేలో ఆలోచించండి. బట్టల మీద ఇస్త్రీపెట్టె వదలి బజారుకు వెళ్లినవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక, ఒక్క వస్తువుతో నాలుగు పనులు జరగాలని ఇల్లాలు కోరుకొనుట సహజమే. డబ్బు పెట్టి కొన్నాము కదా అని బన్ను, చపాతి, అప్పడము, నిన్నటి పూరీ అన్నీ ఆ సందులోనే దూర్చేవారిని చూచాము. నూనె, నెయ్యి, వెన్న రాసినవి ఏవైనా అందులో పెట్టకూడదు. నూనె బొట్టు ఆ తీగ మీద పడితే పొగ, తరువాత మంట. అప్పడము విరిగి తీగల మధ్య పడుతుంది. బన్నులు పట్టాలని తయారీదారులు ఇప్పుడు సందులు వెడల్పు చేసి, లోపల ముక్కను రెండు వైపులనుండి నడిమికి పట్టే ఊచలు పెడుతున్నారు. ఇరుక్కొనుట తగ్గుతుంది, నిజమే. కాని సందు వెడల్పయితే చంటిపిల్లవాని చేయి కూడ అంత సులువుగా దూరుతుంది. ఒక సౌకర్యము పెంచినప్పుడు ఒక గోడ ఎత్తు తగ్గుతుందని వారు మరువకూడదు. అందుకని తీగల ముందు ఉండే ఆ ఊచలు దగ్గర దగ్గరగా, గట్టిగా ఉన్నాయో లేదో కొట్టులోనే వంగి చూడండి. కొట్టువాడు నవ్వినా ఫరవాలేదు.

కూర పెట్టి కాల్చుకోవాలంటే రెండు రేకులు మూతపడే శాండ్‌విచ్ టోస్టరు వేరే ఉన్నది. చిన్న ఓవెను కూడ ఉన్నది. వీటిలో నైక్రోమ్ తీగను లోహపు గొట్టములో పెట్టి చుట్టూ మెగ్నీషియము ఆక్సైడు పొడి దట్టిస్తారు, లేదా గాజులాంటి గొట్టములో ఉంచుతారు. పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. తీగ బయట పడదు గనుక అట్లకాడ భయము చాలావరకు లేదు. వేడెక్కడానికి కొంత ఆలస్యము, అంతే. పలు పనులకు ఒకే వస్తువు కావాలనుకొనేవారు ఇట్టిదే తీసుకొనుట మంచిదని మా అభిప్రాయము. పొడి బ్రెడ్డు తప్ప మరేదీ ఎరుగని ఇంటికి సందుల టోస్టరు చాలు. ఏది వాడినా బంగారు రంగు రాగానే తీయండి. నల్లగా మాడిన దానిలో అక్రిలమైడ్ అనే హానికర పదార్థము ఎక్కువగా ఉంటుందని 2002 నుండి శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు.

అమెరికాలో బిడ్డలున్నవారికి ఒక మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు. అక్కడ కొన్న టోస్టరును పిన్ను మార్చి ఇక్కడ 230కి కలిపితే, 800 వాట్ల వస్తువు ఒక్కసారిగా 2900 వాట్ల దాకా లాగుతుంది. నిమిషములో తీగ తెల్లగా మండి తెగిపోతుంది, అదృష్టము బాగుంటే అంతటితో పోతుంది. పిన్ను మార్చే అడాప్టరు వోల్టులు మార్చదు. పాపము, బిడ్డ ప్రేమతో సూటుకేసులో పెట్టుకొని తెస్తే వద్దని ఎట్లా చెప్పడము! ముందే ఫోనులో చెప్పండి. కువైటు వంటి చోట్లనుండి వచ్చేవాటికి వోల్టులు సరిపోతాయి. కాని వాటి ప్లగ్గులోనే ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది. మేము కోసి పారవేసినప్పుడు దానిని కూడ పారవేశాము.

ఎంత మంచి టోస్టరు కొన్నా తయారీదారుడు మన గోడలో కట్టి ఇవ్వలేనిది ఒకటున్నది, ఎర్తు. ఆకుపచ్చ పసుపు తీగ పని ఏమిటంటే, లోపలి ఫేజు తెగి లోహపు డొక్కుకు తగిలినప్పుడు కరెంటును మన ఒంటిలోనుండి కాక నేలలోకి తీసుకొనిపోవడము. అప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు పారి ఫ్యూజు కాలుతుంది. పల్లె ఇండ్లలో సాకెట్టుకు మూడు రంధ్రములు ఉంటాయి గాని, పై రంధ్రము వెనుక ఏ తీగా ఉండదు. ఎర్తు గుంత తవ్వాలి, దానిలో రెండున్నర మీటర్ల ఇనుప గొట్టము పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేయాలి. ఎండాకాలములో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. దానితోపాటు మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. ఎందుకంటే 750 వాట్ల టోస్టరు మామూలుగానే మూడు ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. 5 ఆంపియర్ల ఫ్యూజు దానిని చూచి ఊరకుంటుంది. మనిషిని చంపడానికి అందులో ముప్పదవ వంతు కరెంటు చాలు. అంత కొంచెము ఎక్కువైనదని ఫ్యూజుకు తెలియనే తెలియదు. ఆర్‌సీసీబీ మాత్రము వెళ్లిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సరిచూచుకొని, తేడా కనబడగానే రెప్పపాటులో తెంచివేస్తుంది.

తీగ కత్తిరించినది మేమని ఆ కుటుంబమునకు చెప్పడానికి మాకు రెండు వారములు పట్టింది. ఎలక్ట్రీషియను చెప్పివేస్తాడేమోననే భయము కూడ కొంత ఉన్నదని ఒప్పుకుంటున్నాము. ఒక సాయంత్రము వెళ్లి చెప్పాము. సహోదరి చాలాసేపు మాటాడలేదు. "మీరు కాకపోతే ఇంకెవరిచేతనో చేయించేదాన్నండి" అన్నది చివరకు. మామ్మగారు మాత్రము "అయితే ఆ పెట్టె మంచిదేనా? దాని తప్పేమీ లేదా?" అని అడిగారు.

ఇప్పుడు ఆ ఇంట గుంత తవ్వి ఎర్తు వేశారు. టోస్టరుకు 6 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు ఆ ఎలక్ట్రీషియనే వేసి, టెస్టరు పెట్టి చూపించాడు. బ్రెడ్డు తీయడానికి వెదురు చీల్చి చేసిన చిన్న పట్టకారు ఒకటి ప్రక్కనే కట్టి ఉంచారు. ముందు గోడ స్విచ్చు ఆపి, ప్లగ్గు ఊడదీసి, తరువాతే అది వాడాలని పెద్ద మనుమడు చీటీ వ్రాసి అంటించాడు. మామ్మగారు ఇంతవరకు దాని దగ్గరకు పోలేదు. తన ముక్కను పెనము మీదనే కాల్చుకుంటారు.

ఆ కుర్రవాడిని వచ్చినవాడు వచ్చినట్టే మందిరములోనికి కూడ తీసుకొనివెళ్లి మైకు సెట్టు ప్లగ్గు చూపించాము. సాకెట్టు మూత విప్పి చూస్తే పై రంధ్రము వెనుక ఖాళీ! పండ్రెండేండ్లుగా ఆ మైకు పట్టుకొని మాట్లాడుతున్నాము. మందిరము వెనుక వేపచెట్టు ప్రక్కన గుంతకు గుర్తు పెట్టి ఉంచాము. సోమవారము తవ్వుతున్నారు.